ఇంటి ఫ్రిజ్‌లో చల్లదన లోపం: కారణాలు, నిర్ధారణ, మరమ్మతు

ఇంటి రిఫ్రిజిరేటర్ లోపలి ఉష్ణోగ్రత ఉండాల్సిన స్థాయికి దిగకపోవడం, దిగినా అక్కడ నిలవకపోవడం చల్లదన లోపం. కింది అరల్లో 2 నుంచి 5 డిగ్రీల సెల్సియస్, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు ఆహార నిల్వకు సాధారణంగా పాటించే ప్రమాణం. కంప్రెసర్‌తో, శీతలక వాయువుతో నడిచే ఫ్రిజ్‌లకే ఈ వ్యాసం పరిమితం. హోటల్ గదుల్లో చప్పుడు లేకుండా నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్‌లు, కార్లలో పెట్టుకునే థర్మోఎలక్ట్రిక్ పెట్టెలు వేరే సూత్రంపై పనిచేస్తాయి.

లోపం ఉందో లేదో ముందు కొలిచి తేల్చుకోవాలి. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి, మధ్య అరలో రాత్రంతా పెట్టి, పొద్దున తలుపు తీయగానే చూడటం నమ్మదగిన పద్ధతి. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి గాలి వేడెక్కుతుంది. నీరు అంత తొందరగా వేడెక్కదు. జ్వరం చూసే థర్మామీటర్ ఇందుకు పనికిరాదు, దాని కొలమానం 35 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. కూలింగ్ లేదని మెకానిక్‌ను పిలిచిన ఇళ్లలో కొన్నిచోట్ల ఈ కొలతతోనే సమస్య తీరిపోతుంది.

చరిత్ర

ద్రవం ఆవిరైతే చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుందని 18వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్‌కు చెందిన విలియం కల్లెన్ ఈథర్‌తో ప్రయోగం చేసి చూపాడు. ఆ ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చి తిప్పి వాడే యంత్రానికి 1834లో జేకబ్ పెర్కిన్స్ ఇంగ్లండ్‌లో పేటెంటు పొందాడు. ఇళ్లలోకి ఈ యంత్రం రావడానికి 20వ శతాబ్దం రెండో దశాబ్దం దాకా పట్టింది. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమెరికాలో విడుదల చేసిన ‘మానిటర్ టాప్’ విస్తృతంగా అమ్ముడైన తొలి ఇంటి ఫ్రిజ్‌లలో ఒకటి. దాని కంప్రెసర్, మోటారు రెండూ ఒకే ఉక్కు డబ్బాలో మూసి, పెట్టె నెత్తిన గుండ్రంగా కూర్చుని ఉండేవి. నేటి ఫ్రిజ్‌లలోనూ అదే ఏర్పాటు. కాకపోతే డబ్బా కిందికి, వెనక్కి మారింది.

మరమ్మతు చరిత్ర ఎక్కువగా వాయువుల చరిత్రతోనే నడిచింది. తొలి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్, అమోనియా వాడేవారు. ఇవి విషవాయువులు. అయితే సల్ఫర్ డయాక్సైడ్, అమోనియా ఏమాత్రం లీకైనా ఘాటు వాసనతో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేవి. 1928లో థామస్ మిడ్గ్లీ బృందం రూపొందించిన ఫ్రియాన్, అంటే ఆర్-12, విషం కాదు, అంటుకోదు, వాసన లేదు. అది వచ్చాక లీకు సంగతి ముక్కుకు తెలియకుండా పోయింది. లక్షణాలను బట్టి ఊహించి తేల్చాల్సిన విద్యగా మారింది.

ఆర్-12 వంటి క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ వెల్లడించారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో ఆర్-12కు కాలం చెల్లింది. 1990లలో ఆర్-134ఎ దాని స్థానంలోకి వచ్చింది. ఓజోన్‌కు దీనితో ముప్పు లేకపోయినా, భూతాపం పెంచడంలో ఇది బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతం. 1993లో జర్మనీలో గ్రీన్‌పీస్ చొరవతో ఫోరాన్ కంపెనీ హైడ్రోకార్బన్ ఫ్రిజ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆ దారిలో వచ్చిన ఐసోబ్యూటేన్, అంటే ఆర్-600ఎ, భారతదేశంలో ఇప్పుడు అమ్ముతున్న ఇంటి ఫ్రిజ్‌లలో సర్వసాధారణం. ఇది మండే వాయువు. ఫ్రిజ్‌లో నింపేది శుద్ధి చేసినది కాబట్టి వంటగ్యాసుకు కలిపే వాసన కూడా దీనికి ఉండదు.

భారతదేశంలో గోద్రెజ్ కంపెనీ 1958లో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. తెలుగునాట ఈ పరిశ్రమకు హైదరాబాద్ ఆల్విన్ చిరునామా. నిజాం పాలనలో 1942లో లోహపు పనుల సంస్థగా పుట్టి, బస్సుల బాడీలు, గడియారాలతో పాటు ఫ్రిజ్‌లు చేసిన ఈ సంస్థ శీతలీకరణ విభాగం 1990లలో వోల్టాస్ చేతికి వెళ్లింది. (చూడండి: హైదరాబాద్ ఆల్విన్)

పనిచేసే తీరు

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. తక్కువ పీడనంలో ఉన్న వాయువును కంప్రెసర్ పీల్చి, ఒత్తి, వేడెక్కించి కండెన్సర్‌లోకి నెడుతుంది. కండెన్సర్ గొట్టాల్లో అది వేడిని గదిలోకి వదిలి ద్రవమవుతుంది. డ్రయర్ అనే చిన్న రాగి గుళికలోని గింజలు అందులోని తేమను పట్టుకుంటాయి. తర్వాత వచ్చేది కేపిలరీ. ఇది లోపలి వ్యాసం మిల్లీమీటరు కన్నా తక్కువ, పొడవు మీటర్లలో ఉండే రాగి గొట్టం. దీన్ని దాటేసరికి ద్రవం పీడనం పడిపోతుంది. ఎవాపరేటర్‌లో, అంటే ఫ్రీజర్ కాయిల్‌లో, ఆ ద్రవం ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసి తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది.

ఈ వలయమంతా అతుకు వేసి మూసినది. అందులోని వాయువు బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఇరవై ఏళ్లు నడిచినా లీకు లేకపోతే ఒక్క గ్రాము తగ్గదు. ‘గ్యాస్ అయిపోయింది, నింపాలి’ అన్న మాట వినగానే ఎక్కడ లీకైందని అడగడం వినియోగదారు హక్కు. ఆ ప్రశ్నకు జవాబు లేని గ్యాస్ ఛార్జింగ్ సగం పనే.

రకాలు

నిర్ధారణ పద్ధతి ఫ్రిజ్ రకాన్ని బట్టి మారుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు చాలావరకు డైరెక్ట్ కూల్ రకం. వీటిలో ఫ్రీజర్ గోడలే ఎవాపరేటర్. చల్లగాలి బరువుగా ఉండి తనంతట తాను కిందికి జారుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో ఎవాపరేటర్ ఫ్రీజర్ వెనక పలక చాటున ఉంటుంది. ఒక ఫ్యాన్ దాని మీదుగా గాలిని లాగి పైకీ కిందికీ పంపుతుంది. కాయిల్ మీద చేరిన మంచును హీటర్ వేళకు కరిగిస్తుంది. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లు పై రెండింటిలోనూ ఉన్నాయి. వీటి కంప్రెసర్ ఆగి ఆగి నడవడానికి బదులు వేగం మార్చుకుంటూ ఎక్కువసేపు నడుస్తుంది. ‘కంప్రెసర్ ఆగడమే లేదు’ అన్నది పాత రకంలో లోపానికి గుర్తు, ఇన్వర్టర్ రకంలో మామూలు సంగతి.

నిర్ధారణ క్రమం

అనుభవమున్న మెకానిక్ బయటి నుంచి లోపలికి వస్తాడు: కరెంటు, స్థలం, తలుపు, మంచు, కంట్రోల్స్, చివరికి మూసి ఉన్న గ్యాస్ వలయం. ముందు చెప్పినవి చూడటానికి సులువు, బాగుచేయడానికి చవక. వలయాన్ని ఒకసారి కోస్తే డ్రయర్ మార్చి, వాక్యూమ్ చేసి, గ్యాస్ నింపక తప్పదు. అందువల్ల ఈ క్రమాన్ని తలకిందులు చేయడం వినియోగదారుకు ఎప్పుడూ నష్టమే.

కరెంటు, స్టార్టింగ్ భాగాలు

లోపల బల్బు వెలిగి కంప్రెసర్ నడవకపోతే ప్లగ్ దాకా కరెంటు ఉన్నట్లు. బల్బు వెలుగుతున్నంత మాత్రాన మోటారు తిరగడానికి సరిపడా వోల్టేజి ఉందని అనుకోకూడదు. మన దేశంలో ఇళ్లకు ఇచ్చే సరఫరా 230 వోల్టులు. పల్లెల్లో, వేసవి రాత్రుల్లో ఇది బాగా పడిపోయినప్పుడు మోటారు తిరగలేక గుర్రుమని మూలిగి ఆగిపోతుంది. స్టెబిలైజర్ ఉంటే దాని మీటరే ముందు చూడాల్సినది. స్టెబిలైజర్ అక్కర్లేదని రాసి ఉన్న మోడళ్లకూ ఒక వోల్టేజి పరిధి ఉంటుంది. అది దాటితే ఆ హామీ వర్తించదు.

కరెంటు పోయి క్షణాల్లో తిరిగి వస్తే కంప్రెసర్ వెంటనే అందుకోదు. కారణాలు రెండు. వలయంలో అధిక, అల్ప పీడనాలు సమం కావడానికి కొన్ని నిమిషాలు కావాలి. మోటారుకు తొలి ఊపునిచ్చే పీటీసీ రిలే వేడి మీద ఉన్నంతసేపు స్టార్టింగ్ చుట్టకు కరెంటు సరిగా పోనివ్వదు. అప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, పక్కనున్న ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ ‘టిక్’మని తెగుతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. ప్లగ్ తీసి అయిదు నిమిషాలు ఆగి పెడితే చాలాసార్లు ఇది సర్దుకుంటుంది. సరైన వోల్టేజి ఉండి కూడా ఈ టిక్కు కొన్ని నిమిషాలకోసారి వస్తూనే ఉంటే రిలేనో, ప్రొటెక్టరో, కెపాసిటరో, చివరికి కంప్రెసరో అనుమానించాలి. ప్లగ్ తీసేశాక రిలేను ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటే సెరామిక్ బిళ్ల పగిలినట్లే. ఇది చౌక భాగం. దీన్ని చూడకుండా కంప్రెసర్ మార్చమని చెప్పడం తొందరపాటు.

మామూలు కంప్రెసర్‌కు మూడు పిన్నులు ఉంటాయి: కామన్, స్టార్ట్, రన్. స్టార్ట్–రన్ మధ్య నిరోధం మిగతా రెండు జతల మొత్తానికి సమానంగా రావాలి. ఏ పిన్ను నుంచీ డబ్బా లోహానికి కరెంటు దారి ఉండకూడదు. ఇన్వర్టర్ కంప్రెసర్‌లో మూడు చుట్టలూ ఒకే విలువ చూపాలి. దానికి నేరుగా మెయిన్స్ కరెంటు ఇచ్చి పరీక్షిస్తే కాలిపోతుంది.

వెనక రిలే డబ్బాలో, కంట్రోల్ బోర్డు మీద బల్లులు, బొద్దింకలు చేరి షార్ట్ కావడం, ఎలుకలు వైర్లు కొరకడం అరుదేమీ కాదు. డిజిటల్ డిస్‌ప్లే ఉన్న కొన్ని మోడళ్లలో దుకాణంలో ప్రదర్శన కోసం పెట్టే డెమో మోడ్ ఉంటుంది. అందులో లైట్లు వెలుగుతాయి, కంప్రెసర్ మాత్రం నడవదు. కొత్త ఫ్రిజ్ తెచ్చిన రోజే కూలింగ్ రాకపోతే దీన్నీ చూడాలి.

స్థలం, వేసవి, బరువు

ఫ్రిజ్ వెనక లేబుల్ మీద వాతావరణ తరగతి అని ఒకటి రెండు అక్షరాలు ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ‘ఎన్’ తరగతి 16 నుంచి 32 డిగ్రీల గదిలో, ‘ఎస్‌టీ’ 38 దాకా, ‘టీ’ 43 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల ప్రాంతాల్లో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకడం కొత్త కాదు. రేకుల ఇంట్లోనో, పై అంతస్తులోనో, పొయ్యి పక్కన వంటగదిలోనో గది ఉష్ణోగ్రత 43 దాటితే ఏ లోపమూ లేని ఫ్రిజ్ కూడా తన హద్దు బయట నడుస్తున్నట్లే. అప్పుడు కంప్రెసర్ ఆగకుండా నడవడం, కింది అరలు 7, 8 డిగ్రీల దగ్గర నిలిచిపోవడం చూసి గ్యాస్ తగ్గిందని తేల్చడం పొరపాటు. సాయంత్రం చల్లబడ్డాక, లేదా ఏసీ గదికి మార్చాక మళ్లీ కొలిచి చూడాలి.

పాత ఫ్రిజ్‌లలో వెనక నల్లటి జాలీలా కనిపించేది కండెన్సర్. దాని మీద దుమ్ము, నూనె జిడ్డు పేరుకుంటే వేడి పోదు. కుచ్చు బ్రష్‌తో దులపడమే చికిత్స. కొత్త వాటిలో ఈ గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి, అందుకే పక్కలు వేడిగా తగులుతాయి. ఇది లోపం కాదు. ఆ పక్కలు గోడకు ఆనుకోవడం, వాటి మీద దుప్పటో ప్లాస్టిక్ కవరో కప్పడం లోపం. తలుపు చుట్టూ చట్రం వెచ్చగా ఉండటం కూడా తయారీలో భాగమే. అక్కడ చెమ్మ పట్టకుండా వేడి గొట్టాన్ని తిప్పుతారు.

లోపల పెట్టే బరువును లెక్క కడితే తెలుస్తుంది. 35 డిగ్రీల నీళ్లు పది లీటర్లు ఒకేసారి సీసాల్లో పెట్టి 5 డిగ్రీలకు దించాలంటే దాదాపు 1,250 కిలోజౌళ్ల వేడి తీయాలి. సెకనుకు 120 జౌళ్ల వేడిని లాగగల యంత్రానికి అదొక్కటే సుమారు మూడు గంటల పని, అదీ ఈలోగా తలుపు తీయకుండా ఉంటే. పెళ్లి వంటలు మిగిలిన రాత్రి, పిండి గిన్నెలు పెట్టిన సాయంత్రం కూలింగ్ తగ్గిందనిపిస్తే మర్నాడు పొద్దున దాకా ఆగి చూడటం మేలు.

తలుపు రబ్బరు

తలుపు అంచున ఉండే రబ్బరు గాస్కెట్ లోపల అయస్కాంత పట్టీ ఉంటుంది. మడతల్లో జిడ్డు చేరినా, ఎండి చీలినా, ఒక మూల లేచినా తేమ గాలి లోపలికి దూరుతుంది. ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. జారి వస్తే అక్కడ పట్టు లేనట్లు. చుట్టూ పది, పన్నెండు చోట్ల ఇలా చూడాలి. ముడుచుకున్న రబ్బరు గోరువెచ్చని నీటి గుడ్డ కాపడంతో కొంత తిరిగి సాగుతుంది, చిరిగితే మార్చాలి. ముందు కాళ్లు కాస్త ఎత్తుగా ఉంటే తలుపు తనంతట తాను మూసుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ చిన్న సందు కూడా లోపల పెద్ద మంచుగడ్డ అవుతుంది.

తలుపు మూసినా బల్బు ఆరకపోతే అది లోపల చిన్న హీటరే. స్విచ్‌ను వేలితో నొక్కి బల్బు ఆరుతుందో లేదో చూస్తే సరిపోతుంది.

డైరెక్ట్ కూల్: మంచు, బటన్, పంక్చర్

ఫ్రీజర్ గోడ మీద పలచని మంచు సహజం. అది అర సెంటీమీటరు దాటితే దుప్పటిలా అడ్డుపడి వేడిని లోహందాకా పోనివ్వదు. ఐసు దండిగా ఉండి కింద పాలు విరగడం ఈ దశలోనే మొదలవుతుంది. థర్మోస్టాట్ నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే కంప్రెసర్ ఆగి, మంచు కరిగి, ఎవాపరేటర్ సున్నా దాటి కొన్ని డిగ్రీలు వేడెక్కాక బటన్ తనే పైకి లేస్తుంది. పిల్లలు ఆటగా నొక్కినా, గిన్నె తగిలి నొక్కుకున్నా, పాతబడి ఇరుక్కున్నా కంప్రెసర్ నడవదు. దీన్ని చూడకుండా సర్వీసుకు ఫోన్ చేసేవారు తక్కువేమీ కాదు.

థర్మోస్టాట్‌కు ఉండే సన్నటి సెన్సర్ గొట్టం ఎవాపరేటర్‌కు ఆనుకుని ఉండాలి. అది ఊడితే కాయిల్ ఎంత చల్లబడిందో థర్మోస్టాట్‌కు తెలియదు, ఫ్రిజ్ ఆగకుండా నడిచి అన్నీ గడ్డకడతాయి. గొట్టంలోని వాయువే పోతే థర్మోస్టాట్ కలవదు, ఫ్రిజ్ నడవదు.

ఈ రకం ఫ్రిజ్‌లకు అతి ఖరీదైన ప్రమాదం ఇంట్లోనే జరుగుతుంది: గడ్డకట్టిన ఐసు ట్రేను చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పెళ్లగించడం. ఎవాపరేటర్ రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య గొట్టపు దారులు తీసి చేసినది. మొన తగిలితే బుస్సుమని గ్యాస్ పోతుంది. వెంటనే ప్లగ్ తీయడం ముఖ్యం. ఆర్-600ఎ నడుస్తున్నప్పుడు ఎవాపరేటర్ వైపు పీడనం బయటి గాలి కన్నా తక్కువ ఉంటుంది. కాబట్టి కంప్రెసర్ నడిచినంతసేపు ఆ చిల్లు గుండా గాలిని, కరిగిన నీటిని లోపలికి పీల్చి వలయమంతా పాడు చేస్తుంది. బయటికి వచ్చిన వాయువు మండేది. కిటికీలు తెరవాలి, మంట గానీ స్విచ్ నిప్పురవ్వ గానీ దగ్గర ఉండకూడదు. ప్లగ్ ఫ్రిజ్ పక్కనే ఉంటే దూరంగా ఉన్న మెయిన్ ఆపడం ఇంకా మంచిది.

ఫ్రాస్ట్ ఫ్రీ: డీఫ్రాస్ట్ వ్యవస్థ

డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐసు బాగానే ఉండి కింద కూరగాయలు వాడిపోతుంటే తొలి అనుమానం గ్యాస్ మీద కాదు, గాలి మీద. చల్లదనం తయారవుతోంది, కిందికి రావడం లేదు. కారణం మూడింటిలో ఒకటి కావచ్చు: ఫ్యాన్ ఆగిపోవడం, గాలి దారిలోని డ్యాంపర్ మూసుకుపోయి ఉండటం, కాయిల్ అంతా మంచుగోడ కట్టడం. చాలా మోడళ్లలో తలుపు తీస్తే ఫ్యాన్ ఆగుతుంది. తలుపు స్విచ్ నొక్కి పట్టుకుని చెవి పెడితే ఫ్యాన్ శబ్దం వినిపించాలి.

మంచుగోడకు కారణం డీఫ్రాస్ట్ గొలుసులో ఒక లంకె తెగడం. టైమరో బోర్డో కొన్ని గంటలకోసారి కంప్రెసర్‌ను ఆపి హీటర్‌కు కరెంటు ఇవ్వాలి. కాయిల్ కరిగిందని బైమెటలో సెన్సరో చెప్పాలి. వేడి మితిమీరితే ఆపడానికి థర్మల్ ఫ్యూజ్ ఉండాలి. వీటిలో ఏది పోయినా మంచు కరగదు. ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ తీసి, తలుపులు తెరిచి ఒక పగలూ రాత్రీ వదిలేయాలి. మళ్లీ వేశాక కొన్నాళ్లు బాగా పనిచేసి అదే తంతు తిరిగొస్తే డీఫ్రాస్ట్ లోపం ఖాయం. మళ్లీ రాకపోతే ఏదో రాత్రి తలుపు సరిగా పడక మంచు పట్టిందని అనుకోవచ్చు. కరిగించినా ఏ మార్పూ లేకపోతే గ్యాస్ వలయాన్ని చూడాలి.

గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా సంచులు కుక్కడం కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. కరిగిన నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోతే నీళ్లు కాయిల్ అడుగున మళ్లీ గడ్డకడతాయి, కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తాయి. (చూడండి: డీఫ్రాస్ట్ విధానాలు)

గ్యాస్ వలయంలోని లోపాలు

పైవన్నీ సరిగా ఉన్నాకే ఇక్కడికి రావాలి. కంప్రెసర్ పావుగంట నడిచాక చేత్తో తాకి చూస్తే చాలావరకు తెలుస్తుంది. కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే గొట్టం కాలేంత వేడి కావచ్చు కాబట్టి జాగ్రత్తగా తాకాలి. ఆరోగ్యంగా ఉన్న వలయంలో కండెన్సర్ అంతటా వెచ్చగా, ఎవాపరేటర్ అంతటా సమంగా మంచు పట్టి ఉంటాయి.

గ్యాస్ కొంత పోతే ఎవాపరేటర్ మొదటి భాగంలోనే మంచు పడుతుంది, మిగతాది పొడిగా ఉంటుంది. మొత్తం పోతే మంచు ఉండదు, కండెన్సర్ వేడెక్కదు, కంప్రెసర్ మాత్రం తేలిక శబ్దంతో ఆగకుండా నడుస్తుంది. కేపిలరీ మూసుకుపోతే, మెకానిక్‌ల మాటలో చోకింగ్ అయితే, లక్షణాలు దాదాపు ఇవే. తేడా తెలిసేది గొట్టం కోసినప్పుడు: కండెన్సర్ వైపు నుంచి గ్యాస్ ఎగదన్నితే చోకింగ్, ఏమీ రాకపోతే లీకు. తేమ వల్ల వచ్చే చోకింగ్‌కు ఇంకో గుర్తు ఉంది. కేపిలరీ చివర నీటి బొట్టు గడ్డకట్టి దారి మూస్తుంది, కూలింగ్ పోతుంది. అది కరిగాక కూలింగ్ తిరిగొస్తుంది. గంటల వ్యవధిలో ఇలా వస్తూ పోతూ ఉంటే అనుమానం ఇటే. ఆర్-134ఎ వ్యవస్థల్లో వాడే కృత్రిమ నూనె గాలిలోని తేమను ఇట్టే పీలుస్తుంది. పాత ఆర్-12 పనికి అలవాటుపడిన చేతులు వాక్యూమ్ సరిగా చేయకపోవడంతో ఈ రకం చోకింగ్ ఎక్కువైంది.

కంప్రెసర్ వాల్వులు అరిగితే గ్యాస్ నిండుగా ఉన్నా ఒత్తిడి పుట్టదు. పీల్చే వైపు పీడనం ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా, నెట్టే వైపు తక్కువగా మీటర్లో కనిపిస్తుంది. గ్యాస్ ఎక్కువ నింపినా కూలింగ్ తగ్గుతుంది. కంప్రెసర్‌కు తిరిగొచ్చే గొట్టం మీద ఫ్రిజ్ బయట మంచు పడితే అది ఎక్కువైన గ్యాస్‌కు గుర్తు.

గ్యాస్ నింపే పని

సరైన పద్ధతిలో నాలుగు దశలు ఉంటాయి. నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి సబ్బు నురగతో లీకు పట్టుకోవాలి. దాన్ని అతికి, కొత్త డ్రయర్ వేయాలి. పంపుతో వలయాన్ని చాలినంతసేపు వాక్యూమ్ చేయాలి. లేబుల్ మీద రాసినంత గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. ఇంటి ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. అంతర్జాతీయ భద్రతా ప్రమాణం పెట్టిన గరిష్ఠ హద్దు 150 గ్రాములు. ఇంత తక్కువ మోతాదులో అయిదారు గ్రాముల తేడా కూడా కూలింగ్‌ను మారుస్తుంది. తూకం లేకుండా అందాజుగా నింపడం పెద్ద మోతాదుల రోజుల నాటి అలవాటు.

గ్యాస్ ఉన్న గొట్టానికి టార్చి మంట పెట్టకూడదు. ఆర్-134ఎ కోసం చేసిన ఫ్రిజ్‌లో ఆర్-600ఎ నింపకూడదు, ఎందుకంటే దాని స్విచ్‌లు మండే వాయువును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. చౌకగా పడుతుందని వంటగ్యాసు నింపడం ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకోవడమే.

చలి ప్రాంతాల్లో విపరీత లక్షణం

అమెరికా, కెనడాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు రెండో ఫ్రిజ్‌ను గ్యారేజ్‌లో పెట్టుకుంటే చలికాలంలో ఒక వింత ఎదురవుతుంది. కింది అరలు చల్లగానే ఉండి ఫ్రీజర్‌లోని మాంసం మెత్తబడుతుంది. ఒకే థర్మోస్టాట్ ఉన్న ఫ్రిజ్ కింది అరల ఉష్ణోగ్రతను చూసే నడుస్తుంది. గ్యారేజే 4 డిగ్రీల దగ్గర ఉంటే దానికి కంప్రెసర్‌ను పిలవాల్సిన అవసరం కనిపించదు. ఇది గ్యాస్ లోపం కాదు, వాతావరణ తరగతికి కింది హద్దు దాటడం. సెన్సర్‌ను కాస్త వెచ్చగా ఉంచే చిన్న హీటర్ కిట్లు ఇందుకోసం అమ్ముతారు.

ఆహారం, మందులు

కూలింగ్ ఆగాక తలుపు తీయకుండా ఉంచితే కింది అరల్లోని ఆహారం సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు నిలుస్తాయని ఆహార భద్రతా సంస్థల మార్గదర్శకం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పాలు, మాంసం, వండిన అన్నం, కూరలు ముందు తీసేయాలి. ఊరగాయ, వెన్న వంటివి తట్టుకుంటాయి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు. అందువల్ల ఆగకుండా నడిచి అన్నీ గడ్డకట్టించే ఫ్రిజ్ కూడా చల్లబడని ఫ్రిజ్ అంత ప్రమాదకరం.

వారంటీ, పారవేత

చాలా కంపెనీలు కంప్రెసర్‌కు పదేళ్ల దాకా, మిగతా భాగాలకు ఏడాది వారంటీ ఇస్తాయి. కంప్రెసర్ వారంటీ ఉందనగానే గ్యాస్, డ్రయర్, కూలీ అందులో కలిసి ఉన్నాయని అనుకోకూడదు. కార్డు మీద ఏది కలిపారో చదవాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో కొన్ని కంపెనీల మరమ్మతు, విడిభాగాల వివరాలు దొరుకుతాయి. రిలే, థర్మోస్టాట్, గాస్కెట్, ఫ్యాన్, హీటర్ వంటివి ఎంత పాత ఫ్రిజ్‌లోనైనా మార్చుకోదగినవే. నురుగు లోపల లీకైన గొట్టం, పదేళ్లు దాటిన ఫ్రిజ్‌లో పోయిన కంప్రెసర్ విషయంలో మరమ్మతు ఖర్చును కొత్త దాని ధరతో, పాతది కాల్చే కరెంటుతో కలిపి చూడాలి.

పారవేయాల్సి వస్తే భారత ఈ-వ్యర్థాల నియమాల కింద అధీకృత రీసైక్లర్‌కు అప్పగించాలి. పాత ఫ్రిజ్‌ల గొట్టాల్లో ఆర్-12, గోడల నురుగులో ఆర్-11 ఉండవచ్చు. పాత ఇనుము కొట్లో గొట్టం కోసి, నురుగు పగలగొడితే రెండూ గాలిలో కలుస్తాయి. బయట లాచీ బిగించిన పాత తరం ఫ్రిజ్‌లలో పిల్లలు దూరి ఊపిరాడక చనిపోయిన ఘటనల తర్వాత, లోపలి నుంచి తోసినా తెరుచుకునే తలుపు ఉండాలని అమెరికా 1956లో చట్టం చేసింది. అయస్కాంత గాస్కెట్ వ్యాపించడానికి అదొక కారణం. అయస్కాంత తలుపైనా సరే, వాడకం నుంచి తీసేసిన ఫ్రిజ్‌ను పెరట్లోనో మెట్ల కిందో ఉంచాల్సి వస్తే తలుపు ఊడదీసి ఉంచాలి.